చెవితో కొనాల్సిన సరుకు

పాత రికార్డుల బజారులో ధరల తీరు తలకిందులుగా ఉంటుంది. ఊరంతా విన్న పాట చౌక, ఎవరూ పట్టించుకోని పాట ప్రియం. హిందీ సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను సింథసైజర్ మీద డిస్కో దరువుకు కలిపి ఒక ఎల్పీ చేశాడు. అప్పట్లో దాన్ని కొన్నవాళ్లు తక్కువ. పాతికేళ్లు దాటాక ఐరోపా సంగీతప్రియులు దాన్ని తవ్వి తీసి 2010లో మళ్లీ విడుదల చేశారు. ఇప్పుడు ఆ మొదటి ముద్రణ ప్రతి దొరకడమే గగనం, దొరికినా మామూలు జేబుకు అందదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ సుప్రభాతం ఎల్పీ సంగతి వేరు. 1963లో హెచ్‌ఎంవీ తెచ్చిన ఆ రికార్డును దక్షిణాదిలో గ్రామఫోను పెట్టె ఉన్న ఇల్లల్లా కొనుక్కుంది. అందుకే ఈరోజుకీ ఏ పాత రికార్డుల కొట్లో చూసినా కట్టలో ఒకటి కనిపిస్తుంది. హోటల్లో ఇద్దరు టిఫిను తిన్నంత ఖర్చుతో ఇంటికి తెచ్చుకోవచ్చు.

అంటే డబ్బు చూసుకుని ఖర్చుపెట్టే సేకర్తకు ఈ బజారు మేలే చేస్తోంది. ఇక్కడ ధర కట్టేది అరుదుదనానికి, పాట మంచిచెడ్డలకు కాదు. ఘంటసాల, సుబ్బులక్ష్మి, బాలమురళీకృష్ణ, చిట్టిబాబు వీణ, రవిశంకర్ సితార్ — ఇవన్నీ లెక్కకు మించి అచ్చయ్యాయి కాబట్టి ఇప్పటికీ అందుబాటులోనే ఉన్నాయి. చిక్కల్లా ఒక్కటే. జనం ఎక్కువగా కొన్నదాన్నే ఎక్కువగా వాయించారు, ఎక్కువగా వాయించిందే ఎక్కువగా అరిగింది. చవక కొట్టు మంచిదా కాదా అని తేల్చాల్సింది ఇక్కడే. రికార్డు మీద రాసిన అంకె చూసి సంబరపడితే లాభం లేదు. ఆ కొట్లో రికార్డు తిప్పి వినిపించే పెట్టె ఉందా, అడిగితే విసుక్కోకుండా ముల్లు పెడతారా అన్నది చూడాలి. నూటయాభైకి కొన్న ఎల్పీ ఇంటికొచ్చాక పకోడీలు వేగుతున్న మూకుడులా చప్పుడు చేస్తే అది చవక కాదు, నూటయాభై రూపాయల నష్టం.

తెలుగు రికార్డుల విషయంలో ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. ఇప్పుడు బజారుకొచ్చే తెలుగు సినిమా ఈపీల్లో చాలావాటి పుట్టుపూర్వోత్తరాలు చూస్తే మైకు సెట్టు వాళ్ల దగ్గర తేలతాయి. పెళ్లిళ్లు, దేవుడి ఉత్సవాలు, ఎన్నికల ఊరేగింపులు, సంక్రాంతి రికార్డింగ్ డాన్సులు — అన్నింటికీ ఆ రికార్డులే. సినిమా హాళ్లలో ఆట మొదలయ్యేముందు ఘంటసాల 'నమో వేంకటేశా' వేసేవారు కదా, అదీ రోజుకు మూడు నాలుగు సార్లు. అలాంటి ఈపీని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి. మధ్య కాగితం మీద ఊదారంగు సిరాతో సౌండ్ సర్వీసు ముద్ర ఉంటుంది, పక్కనే ఎర్ర పెయింటుతో ఒక అంకె. మొదటి ముద్రణ నాటి అట్ట ఎప్పుడో చిరిగిపోయి ఉంటుంది. దాని బదులు ఖాకీ కాగితంతో కుట్టిన సంచి, దాని మీద బాల్‌పెన్నుతో సినిమా పేరు. వెలుతురులో వాల్చి చూస్తే రికార్డే తన కథ చెబుతుంది. ఉన్న నాలుగు పాటల్లో మూడింటి గాళ్లు నల్లగా నిగనిగలాడుతుంటే ఒక్కదాని గాళ్లు మాత్రం బూడిదరంగుకు తిరిగి ఉంటాయి. ఆ ఊరి జనం మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్న పాట అదే. కొనేవాడికి కావలసిందీ దాదాపు ఎప్పుడూ ఆ పాటే.

ఆ బూడిదరంగు కడిగితే పోయేది కాదు. దుమ్ము పోతుంది, వేలిముద్రలు పోతాయి, కోస్తా ఊళ్ల తేమకు పట్టిన బూజు కూడా చాలావరకు పోతుంది. బరువైన చేయి కింద మొద్దుబారిన ముల్లు గాడి గోడల్ని గీకి పారేసినప్పుడు మాత్రం అక్కడ పాటే కొంత రాలిపోయినట్టు. ముందు పోయేది పై స్థాయి స్వరాలు: సకారాలు బుసబుసలాడతాయి, వయొలిన్లు పీచుపీచుగా వినిపిస్తాయి. గొంతు ఎత్తుకున్న చోటల్లా పగులుతుంది. సుశీల పాటలో అది తెలిసిపోయినంతగా నాగస్వరంలో తెలియదు. అందుకే కొట్లో వినేటప్పుడు పల్లవి విని సరిపెట్టుకోకూడదు. ఎల్పీ అయితే లోపలి అంచుకు దగ్గరగా ఉన్న చివరి పాట వేయమనాలి. అక్కడ గాడి చుట్టు చిన్నదవుతుంది కాబట్టి అరుగుదల ముందుగా బయటపడేదీ అక్కడే.

వినిపించే వీల్లేని చోట కన్నూ గోరూ పని చేయాలి. గీతల్ని చూసి బెదరక్కర్లేదు. గోరు తేలిగ్గా ఆనించి అడ్డంగా జరిపితే తగలని గీత చాలాసార్లు వినిపించదు. తట్టుకుని ఆగిందంటే మాత్రం తిప్పిన ప్రతి చుట్టుకూ టక్కుమంటుంది, లేదా ముల్లు అక్కడే ఇరుక్కుని ఒకే ముక్క పాడుతూ ఉంటుంది. రికార్డును కంటి ఎత్తుకు తెచ్చి అంచు చూస్తే వంకర తెలుస్తుంది. ఎండలో, కారు వెనక సీట్లో పడి ఉన్నవి పళ్లెంలా వంగి ఉంటాయి. మధ్య రంధ్రం చుట్టూ కాగితం మీద సన్నటి గీతల గజిబిజి ఉంటే, కదురుకు కన్నం దొరక్క ఎన్నిసార్లు తడుముకున్నారో, అంటే ఎన్నిసార్లు వేశారో లెక్క అందుతుంది. ఇవన్నీ విద్వత్తు అక్కర్లేని పనులు, రెండు మూడు ఆదివారాలు చేత్తో పట్టుకు చూస్తే అలవాటైపోతాయి.

ఇక కొట్ల సంగతి. పాత రికార్డుల వ్యాపారానికి కలకత్తాను మించిన ఊరు దేశంలో లేదనవచ్చు. అందుకు కారణం ఉంది. గ్రామఫోన్ కంపెనీ కర్మాగారం ఆ ఊళ్లోనే ఉండేది, 1928 నుంచి డమ్‌డమ్‌లో. మద్రాసులో పాడిన తెలుగు పాట కూడా అక్కడ అచ్చయి వెనక్కి వచ్చి మన ఊళ్లకు చేరేది. హెచ్‌ఎంవీ, కొలంబియా, ఓడియన్, ఏంజెల్ అని రకరకాల పేర్లు కనిపించినా స్వాతంత్ర్యం తర్వాతి రికార్డుల్లో అవన్నీ ఒకే ఇంటి గుర్తులు. ఫ్రీ స్కూల్ స్ట్రీట్, ఇప్పటి మీర్జా గాలిబ్ స్ట్రీట్‌లో, ఇరుకు కొట్లలో నేల నుంచి కప్పు దాకా పేర్చిన కట్టల్లో దక్షిణాది భాషల రికార్డులు ఒక మూల పడి ఉంటాయి. చదవలేని లిపి కాబట్టి బెంగాలీ కొనుగోలుదారు వాటి జోలికి వెళ్లడు, కొట్టువాడూ వాటి మీద ఆశ పెట్టుకోడు. తెలుగువాడికి బేరం కుదిరేది అక్కడే. ఢిల్లీ చాందినీచౌక్‌లోని న్యూ గ్రామఫోన్ హౌస్ దేశ విభజనకు ముందు లాహోర్‌లో మొదలైన కొట్టు. దాని నుంచి జామా మసీదు వైపు నడిస్తే మీనాబజారులోనూ రికార్డుల దుకాణం ఉంది. ఆ వైపు హిందుస్తానీ, ఖవ్వాలీ, గజల్ పుష్కలం. తెలుగు కోసం అంత దూరం వెళ్లడం దండగ.

ముంబయిలో కాలాఘోడా దగ్గర రిథమ్ హౌస్ దశాబ్దాల పాటు ఒక వెలుగు వెలిగి 2016లో మూతపడింది. చోర్ బజారు మటన్ స్ట్రీట్‌లో మాత్రం పాత రికార్డుల వ్యాపారం సాగుతూనే ఉంది. అద్దె, కరెంటు, ఏసీ, జీతాలు మోసే కొట్టు చవక రికార్డు అమ్మి బతకలేదు. గోడకానుకుని నాలుగు డబ్బాలు పెట్టుకున్నవాడు బతుకుతాడు. ఈ లెక్క నచ్చినా నచ్చకపోయినా చవక సరుకు ఎప్పుడూ అతని దగ్గరే ఉంటుంది.

మన రికార్డుల అసలు బజారు మద్రాసు. ఏవీఎం అధినేత మెయ్యప్పన్ సినిమాల్లోకి రాకముందు సరస్వతీ స్టోర్స్ పేరుతో రికార్డులు అమ్మినవాడేనని గుర్తుంటే, ఆ ఊళ్లో పాటా వ్యాపారమూ ఎంత కలిసి పెరిగాయో అర్థమవుతుంది. సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ పాత పుస్తకాలకు, పాత రికార్డులకు పుట్టిల్లు. 1985లో అది తగలబడిపోయింది. అక్కడి వ్యాపారుల్లో కొందరు దగ్గర్లోనే లిల్లీపాండ్ కాంప్లెక్సులోకి మారారు. చెన్నైలో స్థిరపడిన వి.ఎ.కె. రంగారావు పదుల వేల 78 ఆర్‌పీఎం రికార్డులు పోగుచేసి, వాటి ఆధారంగానే తెలుగు సినిమా పాట గురించి ఏళ్ల తరబడి రాశారు. ఆయన రాతల్లో ఏ పాట ఎవరు పాడారు, ఎవరు కట్టారు అన్న తగువుల్ని తేల్చింది రికార్డు మీది కాగితమే. పాట చరిత్రకు రికార్డు సాక్ష్యపత్రంలా పనికొస్తుందని మనకు నేర్పింది ఆయన సేకరణే.

మరి హైదరాబాదు? కోటి జనాభా దాటిన ఈ నగరంలో కలకత్తా వీధి లాంటిది లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల నడుమ అప్పుడప్పుడు ఒక కట్ట కనిపిస్తుంది. జుమ్మేరాత్ బజారులో పాత ఇళ్లు ఖాళీ చేసినప్పుడు వచ్చే సామాన్లలో గడియారాలు, రేడియోలతో పాటు రికార్డులూ దొర్లుతాయి. అక్కడ బేరం ఉర్దూలో, పొద్దున్నే, గబగబా. ధర నిజంగానే తక్కువ. వినే అవకాశం సున్నా. కాబట్టి గీతల్ని, వంకర్ని చూసుకుని, సగం పోయినా పర్వాలేదనుకున్న డబ్బుతోనే దిగాలి. విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల వాళ్లను అడగడమూ వృథా కాదు. వాళ్ల దగ్గర సరుకు లేకపోయినా ఇళ్లలోంచి పుస్తకాలు కొనేవాళ్లు కాబట్టి అటకల మీద ఏముందో వాళ్లకు కబురు తెలుస్తుంది. ఫోన్ నంబరిచ్చి వస్తే ఎప్పుడో ఒకప్పుడు పిలుపొస్తుంది. నిజానికి రెండు తెలుగు రాష్ట్రాల్లో మిగిలిన తెలుగు రికార్డులు కొట్లలో కన్నా అటకల మీదే ఎక్కువ ఉంటాయి. ఇల్లు కూలగొట్టి అపార్టుమెంటుకు ఇచ్చే వారంలో అవి పాత ఇనుము వాడి తూకానికి వెళ్లిపోతున్నాయి.

ఈ మధ్య ఫుట్‌పాత్ వ్యాపారి చేతికీ స్మార్ట్‌ఫోన్ వచ్చింది. డిస్కాగ్స్ లాంటి వెబ్‌సైటు తెరిచి, ఎక్కడో జర్మనీలో ఎవరో అడుగుతున్న ధర చూపించి, ఇదీ దీని రేటు అంటాడు. అడగడానికేం, ఎంతైనా అడగొచ్చు. అదే పేజీలో కిందికి వెళితే ఆ రికార్డు ఇంతకుముందు ఎంతకు అమ్ముడుపోయిందో, అతి తక్కువ, మధ్యస్థం, అతి ఎక్కువ అని మూడు అంకెలు ఉంటాయి. చూడాల్సింది మధ్య అంకె. దానికి తోడు ఆ ధర గీతల్లేని, అట్ట చెదరని ప్రతికి పలికి ఉండొచ్చు. మైకు సెట్టు ముద్ర పడ్డ ప్రతికి అదే రేటు కట్టడం అన్యాయం. వ్యాపారిని తప్పుపట్టి లాభం లేదు, ఫోన్ తీసి మధ్య అంకె చూపిస్తే చాలామంది నవ్వి దిగొస్తారు. అలాగని యాభై రూపాయల దగ్గర అరగంట బేరమాడే సేకర్తలూ ఉన్నారు. ఎండలో డబ్బాలు మోసుకొచ్చి సాయంత్రానికి మళ్లీ కట్టుకెళ్లే మనిషితో ఆ గీచి గీచి బేరం చూడ్డానికి బాగుండదు. పైగా మంచి కట్ట వచ్చిన రోజు అతను ముందు ఫోన్ చేసేది ఇలాంటివాళ్లకు కాదు.

కొత్తగా అచ్చయ్యే ఎల్పీల సందడి వేరే ముచ్చట. అమెరికాలో 2022లో, 1987 తర్వాత మొదటిసారి, సీడీల కన్నా వైనిల్ రికార్డులు సంఖ్యలో ఎక్కువ అమ్ముడుపోయాయని అక్కడి రికార్డింగ్ పరిశ్రమ సంఘం లెక్క చెప్పింది: 4.1 కోట్ల ఎల్పీలు, 3.3 కోట్ల సీడీలు. ఆ గాలి ఇక్కడికీ వీచింది. హిందీ సినిమా పాటల పునర్ముద్రణలు రెండు మూడు వేల రూపాయలకు అమ్ముతున్నారు, అట్ట తళతళలాడుతుంది, రికార్డు బరువుగా ఉంటుంది. తప్పేమీ లేదు. కానీ వాటిలో చాలావాటికి మూలం డిజిటల్ ఫైలే. ఫోన్లో వినే అదే శబ్దాన్ని గాడిలోకి ఎక్కించి వేల రూపాయలకు అమ్మడం, దాన్ని పాతకాలపు వెచ్చదనం అనడం కాస్త అతి. ఆ డబ్బుతో డమ్‌డమ్ ముద్రణలు, శుభ్రంగా ఉన్నవే, అరడజను వస్తాయి.

ఆదా చేసిన డబ్బు పెట్టాల్సింది ప్లేయరు మీద. సూట్‌కేసు ఆకారంలో ముద్దుగా కనిపించే చవక ప్లేయర్లు చాలావాటిలో సెరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. దాని చేయి అయిదు గ్రాముల దాకా బరువు మోపుతుంది. మామూలు మంచి ప్లేయరులో ఆ బరువు రెండు గ్రాముల అటూ ఇటూ. యాభై ఏళ్లు బతికిన రికార్డును యాభైసార్లు వేసి అరగదీసే ఏర్పాటు అది. 78ల విషయంలో ఇంకో మెలిక ఉంది. వాటి గాడి వెడల్పు, ఎల్పీ ముల్లు అందులో అడుక్కు దిగిపోతుంది, కాబట్టి వేరే ముల్లు కొనాలి. అవి లక్కతో చేసినవి. స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరిగి రికార్డు శాశ్వతంగా పాడవుతుంది. కొట్లో యాభైకి దొరికిన 78 వెనక ఈ ఖర్చూ ఈ జాగ్రత్తా ఉన్నాయని అమ్మేవాడు చెప్పడు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇదంతా సులువు. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు కొద్దిపాటి కారు ప్రయాణంలో ప్రిన్‌స్టన్ రికార్డ్ ఎక్స్ఛేంజ్ ఉంది. 1980లో మొదలైన కొట్టు, ఒకటి రెండు డాలర్ల డబ్బాలకు పేరుపడింది. అక్కడా అదే సూత్రం. రవిశంకర్ 1967లో మాంటెరే, 1969లో వుడ్‌స్టాక్ వేదికల మీద వాయించాక ఆయన ఎల్పీలు ఆ దేశంలో విపరీతంగా అమ్ముడుపోయాయి. అందుకే ఇప్పుడు చవక డబ్బాల్లో తేలుతున్నాయి. మైకు సెట్ల పాలబడకుండా ఎవరింటి అల్మరాలోనో నిలువుగా నిలబడి గడిపినవి కాబట్టి చాలావాటి గాళ్లు నల్లగానే ఉంటాయి. సెలవులకు వచ్చేటప్పుడు పెట్టెలో చాక్లెట్ల పక్కన నాలుగు తెచ్చే అన్నయ్యలు, బావగార్లు ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

చవకలో తెలుగు సేకర్త ముందు దేని మీద చెయ్యి వేయాలి? సినిమా పాటల కోసం తొక్కిసలాట ఎక్కువ, పైగా ఆ పాటలు ఫోన్లో ఉన్నాయి. ఫోన్లో సరిగా దొరకనివి కొనడం తెలివి. కపిలవాయి రామనాథశాస్త్రి తరం పాడిన నాటక పద్యాల 78లు, హరికథలు, బుర్రకథలు, పల్లెపాటలు ఇంకా కొట్ల అడుగున పడి ఉన్నాయి. 'ముత్యాల ముగ్గు', 'దాన వీర శూర కర్ణ' సంభాషణల రికార్డులు ఒకప్పుడు టీ హోటళ్లలో పాటలతో సమానంగా మోగాయి. వాటిని వింటే ఆ కాలం తెలుగు జనం మాటను ఎంత ఇష్టంగా విన్నారో తెలుస్తుంది. టీటీడీ పూనికతో సుబ్బులక్ష్మి పాడిన పంచరత్నమాల అయిదు ఎల్పీల వరుస, విడివిడిగా దొరికినా ఓపిగ్గా కలుపుకోదగ్గది. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వీణ రికార్డులు పెళ్లి పందిళ్లలో కన్నా ఇళ్లలో ఎక్కువ మోగినవి. వాటి గాళ్లు బాగుండే అవకాశం ఎక్కువ. ఇళయరాజాను మాత్రం చవకలో ఆశించవద్దు. ఆయన ఎకో లేబుల్ ఎల్పీల కోసం ఇప్పుడు విదేశీ డీజేలు కూడా పోటీ పడుతున్నారు.

కొట్లవాళ్ల నుంచి సేకర్తలు కోరాల్సింది పెద్దదేమీ కాదు. ప్రతి సంచి మీద పెన్సిల్‌తో రెండు ముక్కలు: ఏ పాట దగ్గర గీత ఉంది, వేసి చూశారా లేదా. బల్ల మీద ఒక ప్లేయరు, ఒక జత హెడ్‌ఫోన్లు. ఇంత సరుకు వేసి చూసే తీరిక ఎక్కడిది అని వ్యాపారులు అంటారు. ఆ పని కొనేవాడే చేసుకుంటాడు, చోటిస్తే చాలు. ఫుట్‌పాత్ మీద కరెంటు లేదన్నది నిన్నటి మాట, బ్యాటరీతో నడిచే ప్లేయర్లు బజారులో ఉన్నాయి. ఒక్కదాని ఖర్చు నలుగురు వ్యాపారులు పంచుకుంటే పెద్ద భారం కాదు. విని కొన్నవాడు సరుకు వెనక్కి తేడు, పదో పాతికో ఎక్కువైనా ఇస్తాడు. ఆబిడ్స్‌లో ఏ ఒక్క వ్యాపారి ఆ పని మొదలుపెట్టినా, కలకత్తా రైలు టిక్కెట్టు డబ్బులు కొందరు అతని దగ్గరే ఖర్చు పెడతారు.